విశ్వాసం వలననే రక్షణ అయితే సత్క్రియలు ఎందుకు?

రక్షణ, అంటే పాపం నుంచి విముక్తి, దేవుని కృపచేత, విశ్వాసం వలన కలుగుతుందని బోధిస్తున్నప్పుడు సత్క్రియలకు చోటెక్కడిదని, ఉద్యోగం చేసుకునే సామాన్య విశ్వాసి వాటిని ఎలా ఆచరించగలడని మీరు అడిగారు. నేను వేదాంతం చదివినవాడిని కాను. గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ (ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) కుటుంబంలో పెరిగినవాడిగా నా అనుభవం చెబుతాను.

బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో, రక్షణ కృపచేతనే గానీ క్రియల వలన కాదనే 8, 9 వచనాలు మనవాళ్లు కంఠతా చెబుతారు కానీ, సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తునందు సృష్టించబడ్డామనే 10వ వచనం దాకా వెళ్లరు. మా అమ్మకు ఈ చర్చ ఏదీ తెలియదు. ఆమె ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో ఆ పిడికిలి చిన్నదయ్యేదేమో గానీ, డబ్బా మూత తీయని రోజు మాత్రం నాకు గుర్తు లేదు.

పెద్దయ్యాక నేను మా యువజనులతో కలిసి ఆదివారాలు ఒక ప్రభుత్వాసుపత్రి దగ్గర అన్నం పొట్లాలు పంచేవాడిని. ప్రతి పొట్లానికీ ఒక సువార్త కరపత్రం చుట్టేవాళ్లం. ఒకసారి ఒక వృద్ధుడు పొట్లం అందుకుని, విప్పకుండా ఒళ్లో పెట్టుకుని, "బాబూ, ఇది తింటే మీ మతంలో కలవాలా?" అని మెల్లగా అడిగి, తిరిగి ఇచ్చేయబోయాడు. "ఏమీ అక్కర్లేదు తాతా, తినండి" అన్నాను కానీ, ఆకలితో ఉన్న మనిషికి అలాంటి సందేహం కలిగించింది మేమేనన్న బాధ ఇప్పటికీ పోలేదు. ఆ తరువాతి వారం నుంచి కరపత్రాలు మానేశాం. సువార్త చెప్పడం తప్పని నేను అనడం లేదు. అన్నానికి దాన్ని ముడిపెట్టడం తప్పు.

ఈ విషయంలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. 1876-78 నాటి కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు, కానీ తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ పనులు ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకునేవారు దానికి ముందున్న ఆ నిగ్రహాన్ని కూడా చెప్పాలి.

మీకు సమయం తక్కువ కాబట్టి పెద్ద కార్యక్రమాలు పెట్టుకోకండి. వారానికి ఒక గంట, ఒకే చోటికి, మానకుండా వెళ్లండి. ముందు వారికేం కావాలో అడగండి, ఎందుకంటే అది చాలాసార్లు మనం తీసుకెళ్లింది కాదు. కిందటి నెల ఆసుపత్రిలో ఒక ఆవిడ నా చేతిలోని పొట్లం చూసి, "అన్నం వద్దు, అన్నా, మూడు రోజుల నుంచి స్నానం లేదు, ఒక్క గంట మా ఆయన దగ్గర కూర్చుంటావా?" అన్నది. ఆమె తిరిగి వచ్చేదాకా ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, సెలైన్ సీసా ఖాళీ అవుతున్నప్పుడు నర్సమ్మను పిలిచాను.