మీ తొలి నవల ప్రేమకథ అయితే దానికి ప్రచారం ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి?

పుస్తకం చేతికొచ్చాక కాదు, మూడు నెలల ముందే. హైదరాబాద్ బుక్ ఫెయిర్ సాధారణంగా డిసెంబర్‌లో, విజయవాడది జనవరిలో. అక్కడ పుస్తకం అమ్మాలంటే సెప్టెంబర్‌కల్లా కవర్ సిద్ధం కావాలి. దాన్ని ఫోన్‌లో బొటనవేలంత సైజులో చూడండి. పేరు చదవలేకపోతే అక్షరాలు మార్పించండి.

తర్వాత మొదటి మూడు అధ్యాయాలు కథలు చదివే ప్రతిలిపి యాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో వారానికొకటి పెట్టండి. నాయికానాయకుల మధ్య చిక్కుముడి బిగిసే చోట ఆపాలి. కథంతా పెట్టేస్తే కొనేవాళ్లు తగ్గుతారు. ప్రేమకథల పాఠకులకి ‘చక్కటి నవల’ అన్న మాట ఏమీ చెప్పదు. ‘పెళ్లయ్యాక ప్రేమలో పడ్డ జంట’ అనండి, తమకు నచ్చే కథో కాదో ఇట్టే తెలుస్తుంది.

విడుదలకి నెల ముందు చదివి అభిప్రాయం రాయమని ఓ పదిహేను మందికి ప్రతులివ్వండి. బంధువులకి కాదు, ప్రేమ నవలలు నిజంగా చదివేవాళ్లకి.

ధర దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 200 రూపాయల పుస్తకానికి షాపు కమిషన్ 40 శాతమైతే మీకొచ్చేది 120. అచ్చు ఖర్చు 90 అయితే మిగిలేది ముప్పై. అందుకే వాట్సాప్‌లో నేరుగా ఆర్డర్లు తీసుకోండి: ధర, పోస్టేజీ, క్యూఆర్ కోడ్, పిన్‌కోడ్‌తో అడ్రస్ పంపమనే మాట, అన్నీ ఒకే మెసేజ్‌లో. మొదట 300 ప్రతులు అచ్చేస్తే చాలు. ఆవిష్కరణ సభకి హాలు, శాలువాల ఖర్చా? నా లెక్కలో అది చివరిది.