నాన్నగారు సంతకం పెట్టి ఉంచిన ఫారాలతో కారు కొనొచ్చా?

సందేహం: మాది పాలకొల్లు, కొబ్బరి వ్యాపారం. రాజోలు దగ్గర ఒక డాక్టరు గారి ఇంట్లో 1992 మోడల్ సాబ్ 9000 టర్బో అమ్మకానికి ఉంది. ఆయన ఇంగ్లండు నుంచి తెచ్చుకుని 1996లో బెంగళూరులో రిజిస్టర్ చేయించారు. రిటైరయ్యాక అదే కారులో సొంతూరు వచ్చి మూడేళ్లు తిరిగారు. రెండేళ్ల కిందట కాలం చేశారు. భార్య ఆ ఇంట్లోనే ఉన్నారు, ఇద్దరు కూతుళ్లు అమెరికాలో, కొడుకు బెంగళూరులో. కొడుకు తొమ్మిది లక్షలు చెబుతున్నారు. 'పేరు మార్పిడికి కావలసిన 29, 30 ఫారాల మీద నాన్న సంతకం పెట్టే ఉంచారు, తేదీ వేసుకుంటే చాలు' అంటున్నారు. వింటేజ్ కారు కాబట్టి టాక్స్ గొడవ ఉండదని మధ్యవర్తి మాట. కారు అద్దంలా ఉంది. రేపటికల్లా లక్ష అడ్వాన్సు అడుగుతున్నారు. ఇవ్వమంటారా?

సమాధానం: ఇవ్వకండి. కారు మంచిది కాదని కాదు, అమ్ముతానంటున్న మనిషి పేర అది లేదు.

ముందు ఆ ఫారాల సంగతి. సెకండ్ హ్యాండ్ బళ్ల బేరాల్లో ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, అది తప్పని ఎవరికీ తోచదు. కానీ పోయిన మనిషి కారు అమ్మలేరు. ఆయన సంతకం కింద ఇవాళ్టి తేదీ వేస్తే అది తప్పుడు పత్రం. ఫారాన్నీ మరణ ధ్రువపత్రాన్నీ పక్కపక్కన పెడితే చాలు, దొరికిపోతారు. తేదీ వేసింది మీరైతే కేసులో మీరూ ఉంటారు.

వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ముగ్గురు పిల్లలకు సమాన వాటాలు. డాక్టరు గారి తల్లి బతికి ఉంటే ఆవిడకూ వాటా ఉంటుంది. అంటే కొడుకు మీకు అమ్మగలిగింది మహా అయితే పావు కారు! రేపు అమెరికా నుంచి ఒక కూతురు 'నాన్న కారు ఎవరినడిగి అమ్మారు' అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

డాక్టరు గారి భార్య ఇక్కడే ఉన్నారు కాబట్టి కారును ముందు ఆవిడ పేరుకు మార్పించడం తేలిక దారి. దానికి ఫారం 31 (యజమాని పోయాక వారసుల పేరుకు మార్చమనే దరఖాస్తు), మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లలు ముగ్గురి అంగీకార పత్రాలు, కర్ణాటక నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఆర్‌సీ ఆవిడ పేర వచ్చాక 29, 30 ఫారాల మీద ఆవిడ సంతకంతో మీ పేరుకు మారుతుంది. నెలలు పట్టొచ్చు. పట్టనివ్వండి.

టాక్స్ విషయంలో మధ్యవర్తి మాట నమ్మకండి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బళ్లకే. ఇంగ్లండులో 1992లోనే మొదట రిజిస్టరైందనుకున్నా ఈ కారుకు 2042 దాకా ఆ ముచ్చట లేదు. పైగా వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. డాక్టరు గారు మూడేళ్లు కర్ణాటక నంబరుతోనే తిరిగారు. ఇక్కడి నంబరుకు కట్టాల్సిన లైఫ్ టాక్స్, దాని మీద పడే జరిమానా ఎవరు కడతారో ధర తేల్చేముందే మాట్లాడుకోండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ కావాలి. ఆర్‌సీ మీద గడువు చూడండి. 20 ఏళ్లు దాటిన ఇంపోర్టెడ్ కారుకు 2025 ఆగస్టు సవరణతో రెన్యువల్ ఫీజే 80,000 రూపాయలు. కస్టమ్స్ సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) కూడా అడగండి. డాక్టరు గారి ఫైల్లో ఎక్కడో ఉంటుంది.

ఇక 'అద్దంలా ఉంది' అన్నారు. చట్టం దృష్టిలో పాత సరుకు కొనేవాడే చూసుకుని కొనాలి. మామూలు శ్రద్ధతో కనిపెట్టగలిగిన లోపాన్ని చూడకుండా కొని, తర్వాత మోసపోయానంటే కోర్టు అంత తేలిగ్గా వినదు. ఇంటివాళ్లు తమ సొంత కారు అమ్ముకుంటే వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లలేరు. అందుకని 'బాగా మెయింటైన్ చేశాం' అనే మాట కాకుండా ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, టర్బో ఎప్పుడు మార్చారు, యాక్సిడెంట్ అయిందా అన్నవి అగ్రిమెంటులో రాయించండి, బిల్లులు జతపరచండి. అబద్ధమని తేలితే మీకు పనికొచ్చేది ఆ కాగితమే. నేను మెకానిక్‌ని కాను గానీ, సాబ్ కార్ల కంపెనీ 2011లోనే దివాలా తీసింది. రేపు టర్బో పోతే దాని కోసం మీరు పడే తిప్పలకు ఏ సెక్షనూ లేదు.

రాజోలు వైపు ఉప్పుగాలి ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. టార్చిలైటు పట్టుకెళ్లి ఛాసిస్ నంబరు ఎక్కడుందో వెతకండి. పాత గుడ్డతో తుడిచి, పల్చని కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. ఒక్క అంకె తుప్పులో కలిసిపోయినా, ఆర్‌సీతో తేడా వచ్చినా తనిఖీలో ఇన్‌స్పెక్టరు ఆపేస్తారు.

డబ్బు బ్యాంకు ద్వారానే, ఆర్‌సీ ఎవరి పేర ఉంటే వాళ్ల ఖాతాకే పంపండి. చించినాడ వంతెన దాటించి పాలకొల్లు దాకా ఓ ట్రయల్ వేసి రమ్మంటారేమో. ఇన్సూరెన్స్ గడువు తీరిందేమో చూసుకోకుండా రోడ్డెక్కొద్దు. అంత ఉబలాటంగా ఉంటే వాళ్ల కొబ్బరితోటలోనే ఒక చుట్టు తిప్పి చూసుకోండి.