అపాలాచియన్ ట్రైల్ మీద పాత అమెరికా ఇంకా దొరుకుతుందా? మనవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు. భక్తి, స్వేచ్ఛ, సాహసం అంటూ అమెరికా గురించి చెప్పుకునేవి జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా పోయే ఈ కాలిబాట మీద ఇంకా మిగిలాయా, లేక పర్మిట్లలో, ఫోన్లలో కలిసిపోయాయా అన్నది ఒకటి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ హెచ్1బి వీసా మీద పనిచేసేవాళ్ళు దాన్ని ఎలా నడవాలన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: మిగిలాయి, కానీ వాటంతట అవి మిగల్లేదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని కాపాడుతున్నారు కాబట్టి ఉన్నాయి.

బాట సంగతే చూడండి. బెంటన్ మెకే అనే అటవీ నిపుణుడు 1921లో ప్రతిపాదిస్తే, 1937కి మొత్తం కలిసింది. 14 రాష్ట్రాలు, 2,190 మైళ్ళకు పైమాటే. దీన్ని చూసుకునేది ప్రధానంగా జీతం లేని వాలంటీర్లు. సుమారు 30 క్లబ్బులు బాటను ముక్కలుగా పంచుకుని, పడిన చెట్లు కోయడం, వాన నీరు పక్కకు పోయేలా రాళ్ళు పేర్చడం, చెట్ల మీద తెల్ల గుర్తులు వేయడం చేస్తుంటాయి. ఆ గుర్తు 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు. ఒకదాని మీద ఒకటి రెండుంటే ముందు మలుపు ఉందని లెక్క. నీలం గుర్తు పక్కదారిది, నీళ్ళకో, రాత్రి తలదాచుకునే షెల్టర్‌కో తీసుకెళ్తుంది. పావుగంట నడిచినా తెల్ల గుర్తు కనబడకపోతే ముందుకు పోకుండా వెనక్కి తిరగండి. ఫోన్ చూసుకుంటూ మలుపు దాటేసి దారి తప్పేవాళ్ళు ఉంటారు.

మొత్తం బాటకు టికెట్ లేదు, గేటు లేదు. అయితే 1948లో ఎర్ల్ షాఫర్ రెండో ప్రపంచ యుద్ధాన్ని ఒంట్లోంచి దింపుకోవడానికి ఒక్కడే నడిచినప్పుడూ, 1955లో 67 ఏళ్ళ ఎమ్మా గేట్‌వుడ్ కాన్వాస్ బూట్లు వేసుకుని, సొంతంగా కుట్టుకున్న సంచి భుజాన తగిలించుకుని, టెంట్‌కి బదులు షవర్ కర్టెన్ పట్టుకుని పూర్తిచేసినప్పుడూ ఇంతమంది జనం లేరు. ఇప్పుడు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్ దాటడానికి థ్రూ-హైకర్ (సుదూరం ఆగకుండా నడిచేవాళ్ళ) పర్మిట్ 40 డాలర్లు. తీసుకున్నాక 38 రోజులు చెల్లుతుంది, పార్కులో మాత్రం 8 రోజుల్లో దాటేయాలి. పార్కు సరిహద్దుకు కనీసం 50 మైళ్ళ అవతల మొదలుపెట్టి, అటువైపు 50 మైళ్ళ అవతల ముగించేవాళ్ళకే అది ఇస్తారు. జార్జియాలో బ్లడ్ మౌంటెన్ దగ్గర జారర్డ్ గ్యాప్, నీల్ గ్యాప్ మధ్య మార్చి 1 నుంచి జూన్ 1 వరకు రాత్రి బస చేయాలంటే బేర్ క్యానిస్టర్, అంటే ఎలుగు తెరవలేని గట్టి తిండి డబ్బా, తప్పనిసరి. ఉత్తర కొసన మెయిన్‌లోని కటాడిన్ కొండ ఎక్కడానికి బాక్స్‌టర్ స్టేట్ పార్క్ వాళ్ళ పర్మిట్ కార్డు కావాలి. అక్టోబరు మధ్యకి అక్కడ క్యాంపింగ్ మూసేస్తారు కాబట్టి ఏప్రిల్ చివర్లో జార్జియాలో తీరిగ్గా బయల్దేరిన చాలామందికి చివరి కొండ అందదు.

ఇవన్నీ స్వేచ్ఛను తినేస్తున్నాయని గొణిగేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. మార్చిలో రోజూ పదుల సంఖ్యలో జనం ఒకే షెల్టర్ దగ్గర ఆగితే చుట్టూ బురద, మలం, తిండి వాసన మరిగిన ఎలుగుబంట్లు. ఒకడు అజాగ్రత్తగా వేలాడదీసిన తిండి సంచి ఎలుగుకు దొరికితే, అది మర్నాడు పక్కవాడి టెంట్ దగ్గరికి వస్తుంది. చివరికి చంపేది ఎలుగునే.

ఇక భక్తి. ఈ బాట పక్కన చర్చిల ఆతిథ్యం చాలాకాలంగా ఉంది. పెన్సిల్వేనియాలో డెలావేర్ వాటర్ గ్యాప్ ఊళ్ళోని ప్రెస్బిటీరియన్ చర్చి 1970ల్లోనే నేలమాళిగలో హైకర్ల బస పెట్టింది. వర్జీనియాలో డమాస్కస్ మెథడిస్టు చర్చి వాళ్ళదీ అలాంటిదే. న్యూయార్క్‌లో గ్రేమూర్ దగ్గర ఫ్రాన్సిస్కన్ సన్యాసులు తమ ఆటస్థలంలో టెంట్లు వేసుకోనిచ్చేవారు. రోడ్డు దాటే చోట్ల ఆదివారం పూట చర్చివాళ్ళు హాట్‌డాగ్‌లు, అరటిపళ్ళు పెట్టి నిలబడతారు. దీన్నే ట్రైల్ మ్యాజిక్ అంటారు. మతం మారమని ఒత్తిడి చేసేవాళ్ళు అరుదు. మహా అయితే ప్రార్థన చేయనా అని అడుగుతారు, వద్దంటే నొచ్చుకోరు. శాకాహారమని ముందే చెప్తే బీన్స్, బ్రెడ్, పళ్ళు పక్కన పెడతారు.

మారింది ఎక్కడంటే, ప్యూ పరిశోధన సంస్థ సర్వేల ప్రకారం అమెరికాలో 2007లో తాము క్రైస్తవులమని చెప్పుకున్న పెద్దలు 78 శాతం, 2023-24లో 62 శాతం. ఏ మతమూ లేదన్నవాళ్ళు 16 నుంచి 29 శాతానికి పెరిగారు. కొండ ఊళ్ళ చిన్న చర్చిల్లో ఇది అంకెలతో ఆగదు. హైకర్లకు తలుపు తీయాలన్నా, బాత్రూములు కడగాలన్నా, బంకు మంచాల మీద దుప్పట్లు మార్చాలన్నా మనుషులు కావాలి. ఆ మనుషులు వయసు మళ్ళినవాళ్ళు, కొత్తవాళ్ళు చేరడం లేదు. 2020 కోవిడ్ కూడా కొన్నింటికి తాళం వేయించింది. ఆ ఖాళీలోకి ప్రైవేటు హాస్టళ్ళు వచ్చాయి. బంకు 40 డాలర్లు అటూఇటూ, ఫోన్లో బుకింగ్. అందుకే పాత పుస్తకంలో ఉంది కదా అని చర్చి బసను నమ్ముకుని చీకటి పడ్డాక ఊళ్ళోకి దిగకండి. హైకర్లు దారి చూసుకునే ఫార్‌అవుట్ యాప్‌లో ఆ వారపు వ్యాఖ్యలు చూసి, ఫోన్ చేసి వెళ్ళండి. విరాళం డబ్బా ఉన్నచోట ఉచితమని అర్థం చేసుకోకూడదు. కనీసం 20 డాలర్లు వేయండి, వెళ్ళేముందు చీపురు పట్టండి. ఇలాంటివి మూతపడటానికి డబ్బా ఖాళీగా ఉండటం కూడా ఒక కారణం.

భక్తి అంటే చర్చి ఒక్కటే కాదు. స్మోకీస్‌లో ఈ బాట మొత్తంలోకీ ఎత్తయిన 6,643 అడుగుల కొండను తరతరాలుగా పవిత్రంగా చూసుకునేవాళ్ళు అక్కడి ఆదివాసులైన చెరొకీలు. క్లింగ్‌మన్స్ డోమ్ అని వేరేవాళ్ళు పెట్టిన పేరు తీసేసి, చెరొకీల విన్నపం మీద 2024 సెప్టెంబరులో కువోహి అన్న వాళ్ళ పేరే తిరిగి పెట్టారు. మారుతున్న అమెరికాకు ఈ బాట మీద ఇంతకంటే స్పష్టమైన గుర్తు నాకు తోచదు.

ఇప్పుడు మన సంగతి. థ్రూ-హైక్‌కి, అంటే మొత్తం బాట ఒకే విడతలో నడవడానికి, 5 నుంచి 7 నెలలు పడుతుంది. హెచ్1బి మీద అంత సెలవు కుదరదు. ఉద్యోగం మానేస్తే దేశంలో ఉండనిచ్చే గడువు (గ్రేస్ పీరియడ్) గరిష్ఠంగా 60 రోజులే. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ళకు సాధారణంగా ఇచ్చేది 6 నెలలు, అదీ చాలీచాలదు. కాబట్టి ఏడాదికో ముక్క చొప్పున సెక్షన్ హైకింగ్ చేయడం తెలివైన దారి. ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. 18 ఏళ్ళు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టం. గ్రీన్‌కార్డు ఉంటే అది, లేకపోతే దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 రికార్డు ప్రింట్. జిప్‌లాక్ సంచిలో రెండు మడతలు పెట్టి జేబులో వేసుకోండి, బ్యాగు అడుగున కాదు. న్యూహాంప్‌షైర్‌లో ఈ బాట దాటే ఐ-93 హైవే మీద సరిహద్దు గస్తీ (బోర్డర్ పట్రోల్) వాళ్ళు చెక్‌పాయింట్లు పెట్టిన సందర్భాలున్నాయి. తుపాకీ ఆలోచన అసలు వద్దు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళకు, కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం.

ఎడిసన్ నుంచి మొదలుపెట్టడానికి న్యూజెర్సీ భాగమే మంచిది. మొత్తం 72 మైళ్ళు. డన్‌ఫీల్డ్ పార్కింగ్‌లో కారు పెట్టి ఎక్కితే 4 మైళ్ళలోపే సన్‌ఫిష్ పాండ్. ఆ చెరువు ఒడ్డున క్యాంపింగ్, ఈత రెండూ నిషేధం. ఈ రాష్ట్రంలో బాట మీద నెగళ్ళు వేయకూడదు, కేటాయించిన చోట్లే టెంట్ వేయాలి. పిల్లలతో అయితే న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్ మౌంటెన్ చాలు. ఈ బాటలో మొట్టమొదట 1923లో తెరిచిన భాగం అక్కడే, మొత్తం బాటలో అత్యంత పల్లపు చోటు, 124 అడుగులది, అక్కడి జూ లోపలే ఉంది.

అలిపిరి మెట్లు ఎక్కాం కదా అన్న ధీమాతో మాత్రం రాకండి. అక్కడ దారిపొడవునా నీళ్ళు, నీడ, వెలుగు ఉంటాయి. ఇక్కడ మీ నీళ్ళు మీరే వాగులోంచి వడకట్టుకోవాలి. 0.1 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది, వైరస్‌ను ఆపదు. రాత్రి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి, పైకి ఏమీ తెలియదు. చలిరోజుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి. షెల్టర్లలో వాంతులు, విరేచనాలు పాకించే నోరోవైరస్‌కు శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. సబ్బు, నీళ్ళతో చేతులు కడగాలి, అదీ వాగుకు 200 అడుగుల దూరంలో. ఒకే పొట్లంలో అందరూ చెయ్యి పెట్టే మన అలవాటు ఇక్కడ మానండి, అరచేతిలో ఒంపించుకోండి.

కాటన్ ప్యాంటు, కాటన్ బనియను ఇంట్లోనే వదిలేయండి. తడిస్తే ఆరవు, 50 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర కూడా ఒళ్ళు చల్లబడిపోతుంది. మే నుంచి జులై వరకు గసగసంత పిడుదులు లైమ్ జ్వరాన్ని అంటిస్తాయి. బట్టలకు, బూట్లకు 0.5 శాతం పెర్మెత్రిన్ పురుగుమందు ముందురోజే కొట్టి ఆరబెట్టండి. ఒంటికి రాసుకోకూడదు. రాత్రి పడుకునే ముందు మోకాలి వెనుక, చంకల్లో, బెల్టు కట్టుకునే చోట వేలితో తడిమి చూసుకోండి.

తిండి రోజుకు 700 నుంచి 900 గ్రాముల పొడి సరుకు. పప్పు ఉడికేలోపు గ్యాస్ అయిపోతుంది. 100 గ్రాముల డబ్బా పొదుపుగా వాడితే 7, 8 లీటర్ల నీళ్ళు కాగుతాయి, అంతే. దానికి పేలాల పొడి, అటుకులు నప్పుతాయి. అటుకులకు తాలింపు ఇంట్లోనే పెట్టుకుని, ఉప్పు, ఎండిన కరివేపాకు కలిపి తెస్తే వేడినీళ్ళు పోసి మూత పెట్టడమే పని. ఆవకాయ తేవాలనిపిస్తుంది, తెలుసు. నూనె కారుతుంది, ఎలుగుకు మైలు దూరం నుంచే పిలుపు. తెస్తే రెండు సంచుల్లో కట్టి, టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చేవన్నీ క్యాంపుల దగ్గరుండే ఇనుప బేర్ బాక్సులోనో క్యానిస్టర్‌లోనో పెట్టాలి, టెంట్‌లో కాదు. గ్యాస్ డబ్బా విమానంలో తేనివ్వరు, అక్కడి దుకాణంలోనే కొనుక్కోవాలి.

బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి. నడిచేకొద్దీ పాదం వాస్తుంది, దిగుడులో బొటనవేలి గోరు నల్లబడేది సరిపోని బూట్ల వల్లే. ఎత్తు బూట్ల కంటే తేలికపాటి ట్రైల్ రన్నర్లు (కాలిబాటల మీద పరుగుకు చేసిన బూట్లు) త్వరగా ఆరతాయి, కాకపోతే 400, 500 మైళ్ళకే అరిగిపోతాయి. పెన్సిల్వేనియా రాళ్ళ మీద ఇంకా ముందే.