స్నేహితులొస్తున్నారు, సబ్మిషనూ వస్తోంది

సమస్య: లండన్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఈస్ట్ హామ్‌లో నలుగురం ఉండే ఇంట్లో నాదొక గది. ఇంజినీరింగ్ స్నేహితురాళ్లు ముగ్గురు ఇండియా నుంచి ఆగస్టులో గురువారం దిగి మంగళవారం వెళ్తారు. మర్నాడు బుధవారమే నా డిస్సర్టేషన్ (ఎమ్మెస్సీ పరిశోధన వ్యాసం) సబ్మిషన్. ‘నువ్వున్నావుగా, మాకు ప్లానెందుకు’ అంటున్నారు. మేలో ఇద్దరొస్తే పార్ట్‌టైం ఉద్యోగం షిఫ్టులు మానేసి తిప్పాను. టికెట్లన్నీ నా కార్డు మీదే కొన్నాను, డబ్బులు అడగలేకపోయాను. హౌస్‌మేట్లు వారం మాట్లాడలేదు. ఇంతా చేస్తే వెళ్తూ వెళ్తూ ‘మారిపోయావే’ అన్నారు. ఈసారి రావద్దనలేను, రమ్మనలేను.

సలహా: మీరు వాళ్లని రమ్మనే అనండి. కానీ మీ ఉత్తరంలో ఒక మాట లేదు, గమనించారా? మీ పరిస్థితి వాళ్లకి చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. వాళ్లు చూసేది బిగ్ బెన్ ముందు మీ ఫొటోలు. షిఫ్టులు, అద్దె, మిగిలిన చాప్టర్లు ఫొటోల్లో పడవు. చెబితే చులకనైపోతానేమోనన్న భయంతో మేలో మౌనంగా ఖర్చుపెట్టారు, ఆ మౌనమే చివరికి చిరాకై బయటపడి ఉంటుంది. ‘మారిపోయావే’ అన్నది దానికే గానీ మీ ఆతిథ్యానికి కాదనిపిస్తోంది.

కాబట్టి ఈ రోజే గ్రూపులో పెట్టండి: “మీరొస్తున్నారంటే భలే సంతోషంగా ఉందే. కానీ బుధవారం నా సబ్మిషన్, శనివారం షిఫ్టు. ఆదివారం పొద్దుట్నుంచి రాత్రిదాకా మీతోనే. మిగతా రోజులు మీరు తిరిగి రండి, ఎక్కడికి, ఎలా అన్నది రాసి పెడతా. టికెట్లు ఎవరివి వాళ్లే కొనుక్కోండి. ఇంట్లో సరుకులకి తలా కొంత వేసుకుందాం.” క్షమాపణలు చేర్చకండి. మూడుసార్లు సారీ కనిపిస్తే, ఇందులో బేరానికి చోటుందని ఎవరైనా అనుకుంటారు.

షిఫ్టుల విషయం మాత్రం బేరానికి లొంగేది కాదు. ఈ వారం మానేసి వచ్చే వారం ఎక్కువ చేసి పూడ్చుకుందామంటే వీసా ఒప్పుకోదు. టర్మ్‌లో, అంటే చదువు నడిచే రోజుల్లో, సోమవారం నుంచి ఆదివారం దాకా 20 గంటలే పని. మాస్టర్స్ వాళ్లకి డిస్సర్టేషన్ రాసే వేసవి కూడా టర్మ్ కిందికే వస్తుంది, సెలవులనుకుని చిక్కుల్లో పడేవాళ్లున్నారు. పోయిన షిఫ్టు డబ్బు పోయినట్టే.

ఇక ఇల్లు. ముందు మీ అద్దె ఒప్పందంలో అతిథుల గురించి ఏముందో చదవండి. రాత్రులకు పరిమితి ఉంటే మిగిలిన రోజులకి వాళ్లు హాస్టల్ చూసుకోవాల్సిందే, అది ఇప్పుడే చెప్పాలి. తర్వాత హౌస్‌మేట్లకి తేదీలు చెప్పి ఒప్పించండి. గొడవ ఎక్కువగా రెండు చోట్ల పుడుతుంది. ఒకటి పొద్దున బాత్రూం: ఆఫీసులకెళ్లేవాళ్లు తెమిలాకే మీవాళ్లు. రెండోది ఎవరూ ఊహించనిది, తెల్లవారుజాము వంటగది. వేసవిలో ఇండియాకీ లండన్‌కీ తేడా నాలుగున్నర గంటలు. మొదటి రెండు రోజులు మీవాళ్లు రాత్రి ఎనిమిదింటికే తూలిపోయి, మూడున్నరకి నిక్షేపంగా లేచి కూర్చుంటారు. ఇండియాలో అప్పటికి ఎనిమిది కదా! టీ పెట్టుకుందామని గిన్నెలు కదిపారంటే ఇల్లంతా లేస్తుంది. ఫ్లాస్కులో వేడినీళ్లు, టీ సంచులు, బ్రెడ్డు రాత్రే గదిలో పెట్టేయండి.

ఎయిర్‌పోర్టుకి వెళ్లకండి. హీత్రో నుంచి ఎలిజబెత్ లైన్ రైల్లో వైట్‌చాపెల్ స్టేషన్, అక్కడ డిస్ట్రిక్ట్ లైన్‌కి మారితే ఈస్ట్ హామ్. డబ్బు మిగలాలంటే పికడిల్లీ లైన్‌లో హామర్‌స్మిత్ దాకా వచ్చి ఎదుటి ప్లాట్‌ఫారం మీద డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కడం. ఇది నెమ్మది, కానీ పెట్టెలతో మెట్లెక్కే పని లేదు. మీరు ఈస్ట్ హామ్ స్టేషన్ గేటు దగ్గర నిలబడితే చాలు.

రైలు గేట్ల దగ్గర బ్యాంకు కార్డో ఫోనో తాకించి (ట్యాప్ చేసి) ఛార్జీ కట్టే సంగతి రాసి పంపండి, ఎందుకంటే డబ్బులు పోయేది ఇక్కడే. ఒకే కార్డు మీద ముగ్గురు వెళ్లడం కుదరదు, మనిషికో కార్డు ఉండాలి. ఫోనుతో ట్యాప్ చేసి లోపలికెళ్లినవాళ్లు ఫోనుతోనే బయటికి రావాలి. అదే బ్యాంకు కార్డైనా ప్లాస్టిక్‌నీ ఫోన్‌నీ గేటు వేర్వేరుగా లెక్కిస్తుంది, రెండు అసంపూర్తి ప్రయాణాలకి గరిష్ఠ ఛార్జీ పడుతుంది. బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారి ట్యాప్ చేస్తే చాలు.

మీ అదృష్టం ఏమిటంటే, మీ ఇంటి ముందు డిస్ట్రిక్ట్ లైన్ ఉంది. మారే పని లేకుండా ఊళ్లో సగం దాని మీదే చూడొచ్చు. శుక్రవారం వాళ్లని సౌత్ కెన్సింగ్టన్‌కి పంపండి. నేచురల్ హిస్టరీ, సైన్స్, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలు మూడూ పక్కపక్కనే, ప్రవేశం ఉచితం, మొదటి రెండింటికి ముందే ఆన్‌లైన్‌లో ఉచిత టికెట్ తీసుకుంటే క్యూ తగ్గుతుంది. వానొచ్చినా లోపలే, దారితప్పే భయం లేదు. ఆ రోజు మీరు గదిలో తలుపేసుకుని రాసుకోండి. శనివారం టవర్ హిల్: అక్కడి టవర్ ఆఫ్ లండన్ కోటలోకి టికెట్ ఖరీదే, వెళ్లాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. టవర్ బ్రిడ్జి మీద నడక ఉచితం.

ఆదివారం మీది. వెస్ట్‌మినిస్టర్‌లో దిగి వంతెన దాటి, సౌత్ బ్యాంక్ (థేమ్స్ దక్షిణపు ఒడ్డు) వెంట టేట్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం, మిలీనియం బ్రిడ్జి మీదుగా సెయింట్ పాల్స్ చర్చి. సుమారు గంట నడక అనుకోండి, ముగ్గురికీ ఒక్కొక్కరికీ విడిగా ఫొటోలు తీసేసరికి నాలుగు గంటలు పడుతుంది, ఆ లెక్కతోనే బయల్దేరండి. ఆదివారం సెయింట్ పాల్స్‌లో ప్రార్థనలే, సందర్శన ఉండదు. బయటి నుంచి చూస్తారు. సాయంత్రానికి స్కై గార్డెన్, ఎత్తైన భవనం పైనుండే తోట. అదీ ఉచితమే, కానీ టికెట్లు సుమారు మూడు వారాల ముందు విడుదలవుతాయి, వెంటనే అయిపోతాయి. ఆ బుకింగ్ బాధ్యత వాళ్లలో ఒకరికి అప్పజెప్పండి. పనిలో చేయి పెట్టినవాళ్లకి సణిగే తీరిక ఉండదు.

సోమవారం షాపింగ్‌కి వాళ్లే వెళ్తారు, మీరు వెళ్లనే వద్దు. బిల్లులు దాచుకుని ఎయిర్‌పోర్టులో టాక్స్ వెనక్కి తీసుకుందామని చూస్తారేమో, 2021 నుంచి అక్కడ ఆ సదుపాయం లేదని ముందే చెప్పండి.

మళ్లీ ఎవరైనా ‘మారిపోయావ్’ అంటే వాదించకండి. “అవునే, ఖాళీ లేకుండా మారిపోయా, అందుకే ఆదివారం మొత్తం మీకిచ్చేశా” అని నవ్వేయండి. అప్పటికీ అలిగితే అలగనివ్వండి, రాత్రి భోజనం వేళకి దిగొస్తారు. మంగళవారం వీడ్కోలు కూడా ఈస్ట్ హామ్ స్టేషన్ దగ్గరే చెప్పేసి, ఇంటికొచ్చి రెఫరెన్సులు సరిచూసుకోండి.