అమెరికా యూదు యువత పెట్టుకున్న కొత్త సంస్థలు నిజంగా పనిచేశాయా? నేను దగ్గర నుంచి చూసినంత

మీరు అడిగింది ఇది: అమెరికాలో యూదు కుర్రకారు సొంతంగా సంస్థలు పెట్టి తమ సమాజ జీవితాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారని విన్నారు. మీ ఊరి తెలుగు సంఘానికి ఎదిగిన పిల్లలు ఉగాదికి కూడా రావడం లేదు. వాళ్లు చేసినదాంట్లో మనకు పనికొచ్చేది ఏమైనా ఉందా అని.

ఉందండీ. ఇరవై నాలుగేళ్ల పిల్ల చేతిలో ఇల్లూ, ఖర్చుకు డబ్బూ పెట్టి, "ఎవర్ని పిలవాలో, ఏం వండాలో నువ్వే చూసుకో" అన్నారు వాళ్ల పెద్దలు. నేను చూసినంతలో అసలు సంగతి ఇదే.

నేను యూదురాలిని కాదు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2013 నుంచి ఆరేళ్లు కాలిఫోర్నియాలో, బే ఏరియాలో ఉద్యోగం చేశాను. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఇంకో ముగ్గురితో కలిసి ఒక మోయిషె హౌస్‌లో, అంటే యూదు యువత కోసం ఆ పేరుగల సంస్థ నడిపే ఇళ్లలో ఒకదాంట్లో, ఉండేది. తనే నన్ను శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచింది. యూదులకు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి షబ్బాత్, అంటే వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం, మొదలవుతుంది. అస్తమయానికి 18 నిమిషాల ముందే దీపాలు వెలిగిస్తారు. ఇంట్లో దీపం పెట్టాక అందరూ కూర్చుని తినడం నాకు కొత్తేమీ అనిపించలేదు.

ముందు ఈ ఇళ్ల సంగతి చెబుతాను. 2006లో బే ఏరియాలోని ఓక్లాండ్‌లో నలుగురు స్నేహితులు తమ అద్దె ఇంట్లో షబ్బాత్ భోజనాలు మొదలుపెట్టారు. దాన్ని సంస్థగా పెంచినవాడు డేవిడ్ సిగెల్మన్. అప్పటికి తనూ ఇరవైల్లోనే ఉన్నాడు. పద్ధతి తేలిక. ఇరవైల్లో ఉన్న ముగ్గురు నుంచి ఐదుగురు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటారు. అద్దెలో కొంత సంస్థ భరిస్తుంది, కార్యక్రమాలకు విడిగా డబ్బిస్తుంది. బదులుగా వాళ్లు నెలనెలా తమ ఈడువాళ్లను పిలిచి భోజనాలు, పండగలు, చదువులు, సేవ ఏదో ఒకటి జరపాలి. ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో ఇలాంటి ఇళ్లు వందకు పైగా ఉన్నాయి. మాతృసంస్థ పేరు మెమ్ గ్లోబల్ అయింది.

ఇది ఎందుకు కావాల్సి వచ్చిందంటే, కాలేజీలో ఉన్నన్నాళ్లు యూదు విద్యార్థులకు హిల్లెల్ అనే సంస్థ ఉంది. 1923లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇక సినగాగులేమో, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు, ఎక్కువగా పెళ్లయి పిల్లలున్న కుటుంబాలకు తగ్గట్టు నడుస్తాయి. చాలా చోట్ల ఏడాది సభ్యత్వ రుసుము కూడా ఉంటుంది. డిగ్రీ అయ్యాక పెళ్లయ్యేదాకా, అంటే ఒక్కోసారి పదేళ్లు, వెళ్లడానికి చోటంటూ లేదు. ఆ పదేళ్లలోనే మనిషి తెగిపోతాడు. ప్యూ సంస్థ 2020లో చేసిన సర్వేలో, అమెరికాలోని వయోజన యూదుల్లో 27 శాతం మంది తమకు మతం లేదని, అయినా వంశం వల్లో సంస్కృతి వల్లో యూదులమేనని చెప్పారు. ముప్పై లోపు వాళ్లలో అది 40 శాతం. పెద్దవాళ్లకు టెన్షన్ పట్టుకోవడంలో వింతేముంది?

ఇక నా సంగతి. మొదటిసారి వెళ్లినప్పుడు వట్టి చేతులతో ఎందుకని దద్దోజనం చేసుకెళ్లాను. అల్లం, మిరియాలు, కరివేపాకు తాలింపు, పైన దానిమ్మ గింజలు. గుమ్మంలోనే నా ఫ్రెండు డబ్బా మూత తీసి చూసి, "పెరుగా?" అంది. ఆ రోజు వాళ్ల వంట కోడిమాంసం. కోషర్ అనే యూదుల ఆహార నియమం ప్రకారం మాంసం, పాలు పెరుగు ఒకే భోజనంలో కలవకూడదు. మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తను మాత్రం నవ్వేసి డబ్బాని ఫ్రిజ్‌లో పై అరలో పెట్టింది. "ఎల్లుండి ఆదివారం పొద్దున మాది పాల భోజనం, అప్పుడు నువ్వే వడ్డించాలి" అంది. ఆదివారం మళ్లీ వెళ్లాను. పెరుగు కాస్త పులిసినా, తొమ్మిది మంది డబ్బా అడుగు దాకా తిన్నారు.

ఆ ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉండేది. ఆ ఇంట్లో నలుగురిదీ నాలుగు దారులు. ఒకరికి కోషర్ పట్టింపు గట్టిగా ఉంది, ఇంకొకరికి ఇంట్లోనే, బయట లేదు. మూడో మనిషి శాకాహారి, నాలుగో మనిషికి ఏ పట్టింపూ లేదు. ఏ గిన్నె దేనికి, బయటి వంట ఎప్పుడు తేవచ్చు, షబ్బాత్ నాడు స్పీకర్ పెట్టొచ్చా, అన్నీ నలుగురూ ఒక రాత్రంతా కూర్చుని తేల్చుకుని రాసుకున్నారు. ఆ కాగితం ఏ రబ్బీ (యూదు మతగురువు) దగ్గర నుంచీ రాలేదు. పై ఆఫీసు నుంచీ రాలేదు. చేతిరాతతో, కొట్టివేతలతో ఉండేది. వాళ్లకు తమ మతం గురించి అంతకు ముందు ఎన్నో ఏళ్లు తెలియనిది ఆ ఒక్క రాత్రిలో తెలిసిందని నా ఫ్రెండు చెప్పేది. నిర్ణయం తనది అయినప్పుడే మనిషి పుస్తకం తిరగేస్తాడు కదా!

పుస్తకం అంటే గుర్తొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం వాళ్లు సెఫారియా అనే వెబ్‌సైట్ నుంచి ఒకటో రెండో పేజీలు ప్రింటు తీసి పెట్టుకునేవారు. షబ్బాత్ మొదలయ్యాక కొందరు ఫోను ముట్టుకోరు కాబట్టి ముందే ప్రింటు. సెఫారియాను 2011లో జాషువా ఫోయర్ అనే రచయిత, గూగుల్‌లో పనిచేసి వచ్చిన బ్రెట్ లాక్‌స్పైసర్ కలిసి మొదలుపెట్టారు. తోరా, తాల్ముద్ అనే యూదుల మత గ్రంథాలు, వాటి వ్యాఖ్యానాలు అన్నీ మూలంతో, అనువాదంతో, ఒకదానికొకటి లింకులతో ఉచితంగా దొరుకుతాయి. 2017లో రబ్బీ స్టైన్‌సాల్ట్జ్ తాల్ముద్ అనువాదాన్ని కూడా అందరికీ తెరిచారు. హీబ్రూ సరిగ్గా రాని పిల్ల కూడా భోజనం మధ్యలో "ఈ వాక్యానికి రాషీ ఏమన్నాడో చూడండి" అని పాతకాలపు వ్యాఖ్యాత పేరు చెప్పి వాదించేది. మన భారత భాగవతాలు, వ్యాఖ్యానాలు ఇలా పక్కపక్కన పెట్టి తెరిచిన చోటు ఒకటి ఉంటే ఎంత బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను.

హల్లా రొట్టె గురించి రాయకుండా ఉండలేను. షబ్బాత్ బల్ల మీద గుడ్డ కప్పి రెండు రొట్టెలు పెడతారు. పిండిని పాయలుగా చేసి జడ అల్లినట్టు అల్లాలి. చెల్లెళ్లకు జడలేసిన చేతులు కాబట్టి మూడు పాయలు నాకు వెంటనే వచ్చాయి, ఆరు పాయలకు మూడు వారాలు పట్టింది. పిండి మరీ మెత్తగా ఉంటే అల్లిక పొయ్యిలో విప్పుకుపోతుంది, పాయ అంచులు గట్టిగా నొక్కి కిందికి మడవాలి. నాకు నేర్పిన అమ్మాయి కాలేజీలో ఉండగా 'హల్లా ఫర్ హంగర్'లో పనిచేసింది. 2004లో స్క్రిప్స్ కాలేజీలో ఎలై వింకెల్మన్ అనే విద్యార్థిని మొదలుపెట్టిన పని అది. వారం వారం రొట్టెలు చేసి అమ్మి, ఆ డబ్బు సూడాన్‌లోని దార్ఫుర్ యుద్ధ బాధితులకు పంపేవారు. తర్వాత ఎన్నో క్యాంపస్‌లకు పాకింది. పిండి పిసకడానికి వచ్చినవాళ్లలో యూదులు కానివాళ్లూ బోలెడుమంది ఉండేవారట.

ఇంకో చోట చూసిన చిన్న ఏర్పాటు నాకు అన్నిటికన్నా నచ్చింది. రబ్బీ జీతం, సొంత భవనం లేకుండా యువతే నడుపుకునే ప్రార్థన బృందాలు ఉంటాయి. న్యూయార్క్‌లో 2001లో మొదలైన కెహిలత్ హదార్ వాటిలో పేరున్నది. నేను వెళ్లిన బృందం చిన్నది, శనివారం అద్దె హాల్లో కలిసేది. తలా ఒక వంటకం తెస్తారు, అన్నీ శాకాహారమే. అక్కడ రెండు బల్లలు వేసేవారు. ఒక బల్ల మీద గట్టి కోషర్ లెక్కకు సరిపోయేవి, ఇంకో బల్ల మీద మామూలు శాకాహారం. ఎవరూ ఎవర్నీ అడగరు. నా పులిహోర రెండో బల్ల మీదికి వెళ్లేది, గట్టి నియమం ఉన్నవాళ్లు మొదటి బల్ల దగ్గర వడ్డించుకుని వచ్చి నా పక్కనే కూర్చునేవారు. మన సంఘంలో భోజనాల దగ్గర జరిగే గొడవలు తెలిసిన మీకు ఈ రెండు బల్లల విలువ వివరించక్కర్లేదు.

ఒక శుక్రవారం బల్ల దగ్గర ఒకతను, "మీ గుంటూరు వైపు తెలుగు మాట్లాడే యూదులున్నారుగా" అన్నాడు. నాకు తెలియదు! చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం, వాళ్ల ప్రార్థనా మందిరం ఉన్నాయని ఓక్లాండ్‌లో విన్నాను. మా ఊరి నుంచి బస్సులో పోయేంత దూరం.

పనిచేయనివీ చెప్పాలి. ఈ సంస్థల్లో చాలావాటి బతుకు కొద్దిమంది పెద్ద దాతల చేతుల్లో ఉంటుంది. కొత్త ఆలోచనలకు ఊతమివ్వడానికే పుట్టిన జాషువా వెంచర్, బిక్కురిమ్, అప్‌స్టార్ట్, ప్రెజెన్‌టెన్స్ వారి అమెరికా కార్యక్రమాలు 2017లో ఒకే సంస్థగా కలిసిపోయాయి. నా ఫ్రెండు ప్రతి భోజనం తర్వాత ఎంతమంది వచ్చారో లెక్క, ఫొటోలు పంపాలి. కొన్ని నెలలకు అలసిపోయింది కూడా. ముప్పై దాటాక ఆ ఇల్లు వదలాలి, తర్వాత ఎక్కడికి అన్న ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే 2014లో వచ్చిన వన్‌టేబుల్ పద్ధతి నాకు ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. ఇల్లు ఎవరిదైనా సరే, శుక్రవారం పదిమందిని పిలిచి భోజనం పెట్టేవాళ్లకు ఖర్చులో కొంత సాయం చేస్తారు.

నేనూ ఒకసారి ప్రయత్నించాను. అక్కడి ఒక తెలుగు సంఘం పెద్దాయనతో, "బాబాయ్ గారూ, నెలకో భోజనం మా అపార్ట్‌మెంట్లో పెడతాం, సరుకులకు కాస్త డబ్బివ్వండి" అన్నాను. "ఇస్తానమ్మా, కానీ కార్యక్రమం కాగితం ముందు కమిటీకి చూపించాలి, స్పాన్సర్ బ్యానర్ కట్టాలి" అన్నారు. మంచి మనిషే, పాపం ఆయన అలవాటు అది. మేం డబ్బు తీసుకోకుండా సొంతంగా నాలుగు భోజనాలు పెట్టాం. మొదటిదానికి పద్నాలుగు మంది వచ్చారు, నాలుగోదానికి ఇరవై ఆరు. తర్వాత నేను ఇండియా వచ్చేశాను, ఆగిపోయింది. అప్పుడు ఇంకెవరికైనా తాళం అప్పగించి ఉండాల్సింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీ సంఘంలో మొదలుపెట్టేటట్టయితే కమిటీని ఒక్కటే అడగండి: ఆరు నెలలు, ఇద్దరు పిల్లలకు, కాగితం అడగకుండా సరుకుల ఖర్చు ఇవ్వగలరా అని. ఆ నాలుగు భోజనాల సరుకుల లెక్క నా దగ్గర ఇంకా ఉంది. కావాలంటే కింద అడగండి, పెడతాను.