క్వార్టర్‌బ్యాక్ కాంట్రాక్టుల లెక్కలు వేసే అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాము. నేను, మా ఆవిడ ఇద్దరమూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. మా అబ్బాయి పదకొండో గ్రేడు చదువుతున్నాడు, లెక్కల్లో దిట్ట. కంప్యూటర్ సైన్స్ వద్దు, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివి, అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాళ్ల తరఫున ఒప్పందాలు మాట్లాడే ఏజెంట్‌నవుతానంటున్నాడు. రాత్రిళ్లు మా డాలస్ కౌబాయ్స్ జట్టు జీతాలతో ఎక్సెల్ షీట్లు తయారుచేస్తుంటే ఒకరోజు కోప్పడి ల్యాప్‌టాప్ తీసేసుకున్నాను. వేసవిలో ఏజెంట్ల శిక్షణ శిబిరానికి ఫీజు కట్టమంటున్నాడు. మనవాళ్లలో ఎవరూ ఆ వైపు వెళ్లినట్టు వినలేదు. ఈ రెండు చదువుల్లో దేనికి భవిష్యత్తు ఉందో పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, టెక్సస్

జవాబు: పోల్చి చెబుతాను గానీ, మీ దిగులు ఆ పోలికతో తీరేది కాదు. రంగం పేరు మారుతుందే తప్ప ఇదే ఉత్తరం నాకు తరచూ వస్తుంటుంది. తల్లిదండ్రులు అడిగేది జీతం గురించి. వాళ్లను నిద్రపోనివ్వనిది మాత్రం ఆ రంగంలో తమకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోవడం. కంప్యూటర్ సైన్స్ అయితే ఏ కంపెనీలో రిఫరల్ ఎవరు ఇస్తారో, లేఆఫ్ వస్తే ముందుగా ఎవరికి ఫోన్ చేయాలో మీకు తెలుసు. అబ్బాయి చెబుతున్న దారిలో మీరు ఎవరినీ అడగలేరు, వాడికి అడ్డం పడి కాపాడనూ లేరు. మీ ఉత్తరంలో చివరి నుంచి రెండో వాక్యమే అసలు ప్రశ్న అని నేను అనుకుంటున్నాను.

ముందుగా, వాడు రాత్రిళ్లు చేస్తున్న పని ఏమిటో మీరు తెలుసుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏ జట్టు అయినా ఆటగాళ్ల జీతాల కింద ఏడాదికి ఇంతకు మించి లెక్క చూపకూడదనే పరిమితి ఉంది. దాన్నే శాలరీ క్యాప్ అంటారు. 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలైన ఆ పరిమితి 2025 నాటికి 27.92 కోట్లకు చేరింది. కోవిడ్ కారణంగా స్టేడియాల ఆదాయం పడిపోవడంతో, 2020లో 19.82 కోట్లున్నది 2021లో 18.25 కోట్లకు తగ్గింది. సరిగ్గా ఆ ఏడాది మార్చిలోనే కౌబాయ్స్ తమ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌తో నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. దాడి మొత్తాన్ని నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్ కనుక అతన్ని వదులుకోలేరు. అలాగని అతనికే అంతా ఇస్తే మిగిలిన యాభై మందికి ఏమీ మిగలదు.

ఆ చిక్కు ఎలా విప్పారో చూడండి. ప్రెస్కాట్‌కు 6.6 కోట్ల సైనింగ్ బోనస్, మొదటి ఏడాది జీతంగా మరో 90 లక్షలు ఇచ్చారు. సైనింగ్ బోనస్ ఆటగాడి చేతికి ముందే వెళ్లిపోతుంది, క్యాప్ లెక్కలో మాత్రం దాన్ని గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పంచి చూపవచ్చు. ఒప్పందం నాలుగేళ్లదే అయితే ఏడాదికి 1.65 కోట్లు పడాలి. అందుకని చివర్లో అతను ఆడనవసరం లేని రెండు సంవత్సరాలను కాగితం మీద జోడించారు. దాంతో బోనస్ ఐదు భాగాలై ఏడాదికి 1.32 కోట్లయింది, జీతంతో కలిపి మొదటి ఏడాది క్యాప్ మీద పడింది 2.22 కోట్లే. ఆటగాడికి ముట్టింది 7.5 కోట్లు. మొదటి నెలలోనే చిట్టీ పాడుకున్నవాడికి ఆ తరువాతి వాయిదాలు తప్పనట్టే, మిగిలిన భాగం తరువాతి సంవత్సరాల క్యాప్ మీద పడక తప్పదు. ఆటగాడు వెళ్లిపోయినా ఆ భారం జట్టుదే.

నా దృష్టిలో ఆ ఒప్పందంలో అంకెలకన్నా విలువైనది ఒక వాక్యం. ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని కూడా నిర్ణీత జీతం ఇచ్చి మరో ఏడాది కట్టిపడేసుకునే హక్కు జట్టుకు ఉంటుంది. దాన్ని ఫ్రాంచైజ్ ట్యాగ్ అంటారు. 2020లో ప్రెస్కాట్ ఆ ట్యాగ్ కిందనే 3.14 కోట్లకు ఆడుతూ అక్టోబరులో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. కొత్త ఒప్పందం ముగిశాక మళ్లీ ట్యాగ్ వేయకూడదని 2021లో అతని ఏజెంటు రాయించాడు. ఆ వాక్యం ఫలితం 2024లో కనిపించింది. జట్టు చేతిలో మరో ఆయుధం లేక, సెప్టెంబరు 8న, సీజన్ మొదటి ఆట రోజు ఉదయం, నాలుగేళ్లకు 24 కోట్లు, అందులో 23.1 కోట్లు గ్యారంటీగా ఇవ్వడానికి ఒప్పుకుంది. రెండు నెలలకే తొడ కండరం గాయంతో అతని సీజన్ ముగిసింది. గ్యారంటీ సొమ్ముకు మాత్రం ఏ లోటూ రాలేదు. జట్టు వైపు నుంచి చూస్తే ఇదే లెక్క భయపెడుతుంది: డెన్వర్ జట్టు రెండు సీజన్లకే తన క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ను వదులుకొని, అక్కడ ఆడని ఆటగాడి కోసం 2024, 2025 క్యాప్‌లలో కలిపి 8.5 కోట్లు మోసింది.

మీరు అడ్డుకున్నది ఈ చదువును. మీరు పగలంతా చేసే పనికి దీనికి పెద్ద తేడా లేదు. ఇంకా చెప్పాలంటే, చాలామంది ఉద్యోగులు తమ సొంత ఆఫర్ లెటర్‌ను కూడా ఇంత శ్రద్ధగా చదవరు. రాత్రి నిద్ర గురించి మాట్లాడే హక్కు మీకు ఉంది. వాడు చేస్తున్నది కాలక్షేపమని తేల్చేసే ముందు ఒక్కసారి పక్కన కూర్చొని అడగవలసిన బాధ్యత కూడా మీదే. ల్యాప్‌టాప్ ఇంకా ఇవ్వకపోతే ఇవాళే ఇచ్చేయండి. వారాంతపు విందుల్లో ఎవరో ఏదో అంటారన్న ఆలోచన మీ మనసులో ఉంటే, వాళ్లలో ఎవరూ మీ అబ్బాయి ఫీజు కట్టబోవడం లేదని గుర్తుంచుకోండి.

ఇక అబ్బాయి కోరిక దగ్గరికి వస్తే, నాకున్న సందేహాలు మీకున్నవి కావు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఈ మధ్య బాగా ఫ్యాషనైంది. అమెరికాలో దాన్ని ప్రారంభించిన విశ్వవిద్యాలయాలకు కొదవ లేదు. వాటి పాఠ్యప్రణాళికలు తెరిచి చూస్తే ఎక్కువగా కనిపించేవి మార్కెటింగ్, స్టేడియం నిర్వహణ, టికెట్ల అమ్మకం, ఈవెంట్లు. అవి అవసరమైన పనులే, వాటిని ఇష్టపడే పిల్లలకు ఆ డిగ్రీ తప్పేమీ కాదు. కానీ పైన చెప్పిన ఒప్పందం రాయడానికి కావలసిన అకౌంటింగ్, కాంట్రాక్టు చట్టం, కార్మిక చట్టం అక్కడ లోతుగా దొరకడం అరుదు. చదువైన తరువాత పిల్లలకు మొదట దొరికేది తరచుగా టికెట్ల విభాగంలో ఉద్యోగమో, జీతం అంతంతమాత్రంగా ఉండే ఇంటర్న్‌షిప్పో. ఆట పేరు ఉన్న డిగ్రీ తీసుకుంటే ఆట దగ్గరికి చేరతామనే నమ్మకం చాలామంది పిల్లల్లో చూశాను. నాకు మాత్రం ఆ నమ్మకం కుదరడం లేదు.

ఏజెంటు వృత్తి మీద కూడా మీ అబ్బాయికి కొంత భ్రమ ఉండవచ్చు. 24 కోట్లలో 3 శాతం ఎంతో వాడు ఇప్పటికే లెక్క వేసి ఉంటాడు. 3 శాతం ఆటగాళ్ల సంఘం అనుమతించే గరిష్ఠం మాత్రమే. చాలామంది అంతకన్నా తక్కువకే ఒప్పుకుంటారు. ఆ సంఘం గుర్తింపు కావాలంటే మామూలుగా డిగ్రీ మీద లా గానీ మరో పీజీ గానీ ఉండాలి, పరీక్షా రాయాలి. అన్నీ దాటినా, పేరున్న ఆటగాళ్లు కొన్ని పెద్ద ఏజెన్సీల చేతుల్లోనే ఉంటారు. కొత్త ఏజెంటు అయితే, డ్రాఫ్టులో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) ఎంపికవుతాడో లేదో తెలియని కుర్రాడి శిక్షణ ఖర్చు తానే భరించవలసి వస్తుంది. పైగా బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ 2023లో ఏజెంటు లేకుండానే ఐదేళ్లకు 26 కోట్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు.

బల్లకు రెండో వైపు కూడా ఉద్యోగాలు ఉంటాయని వాడికి చెప్పండి. ప్రతి జట్టులోనూ క్యాప్ లెక్కలు చూసేవాళ్లు ఉంటారు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ లా చదివి, 2000లో ఆ జట్టులో చిన్న ఉద్యోగిగా చేరి, క్యాప్ వ్యవహారాల మీదుగానే పైకి వచ్చాడు. అయితే ఉన్నవి 32 జట్లే, ఒక్కోదానిలో ఈ పని చేసేది కొద్దిమందే.

మీరు అడిగిన పోలికను ఇప్పుడు రెండు మాటల్లో ముగించవచ్చు. మీరు చెప్పిన రెండింటిలో ఒకటే ఎంచుకోవాలంటే కంప్యూటర్ సైన్స్ మేలు. కానీ ఆ రెండే ఉన్నాయని ఎందుకు అనుకోవాలి? అకౌంటింగ్ గానీ, ఎకనామిక్స్ గానీ ప్రధానంగా తీసుకొని, పక్కన స్టాటిస్టిక్స్, కొంత ప్రోగ్రామింగ్ చదవనివ్వండి. లా సంగతి నాలుగేళ్ల తరువాత నిర్ణయించుకోవచ్చు. దాని ఖర్చు చిన్నది కాదు గనుక ఇప్పుడే మాట ఇవ్వకండి. ఈ దారిలో వెళ్లి ఎన్‌ఎఫ్‌ఎల్ దక్కకపోయినా మీ అబ్బాయి రోడ్డున పడడు. కాంట్రాక్టు చదవగలిగి, దాని ఖర్చు ఏ ఏడాది మీద ఎంత పడుతుందో లెక్కగట్టగల మనిషి బ్యాంకులకు కావాలి, బీమా సంస్థలకు కావాలి, ఆసుపత్రులకు కావాలి, మీరు పనిచేసే కంపెనీలో కొనుగోళ్ల విభాగానికీ కావాలి. మీకు తెలిసినవాళ్లు లేని రంగంలో వాడికి తెలిసినవాళ్లను వాడే సంపాదించుకుంటాడు. మీరు ఈ దేశానికి వచ్చిన కొత్తలో చేసింది అదే కదా.

శిబిరానికి ఫీజు కట్టవద్దు. లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2020లో కుదిరిన ఉమ్మడి ఒప్పందం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్యాప్ లెక్కల నియమాలు పదమూడో ఆర్టికల్‌లో ఉంటాయి. ఈ వేసవిలో దాన్ని చదివి, ప్రెస్కాట్ 2024 ఒప్పందాన్ని మీకు అర్థమయ్యేలా రెండు పేజీల్లో రాసి చూపించమనండి. నియమాల భాష మీద ఆసక్తి నిలిస్తే లా గురించి తరువాత ఆలోచించవచ్చు. భాష దగ్గర విసుగొచ్చి అంకెల దగ్గరికే పరుగెత్తితే స్టాటిస్టిక్స్ వైపు మొగ్గనివ్వండి. ఆర్టికల్ సగంలోనే పక్కన పెట్టేసి టీవీలో ఆట చూస్తూ కూర్చుంటే, వాడికి ఇష్టమైనది ఫుట్‌బాల్ అని తేలినట్టే. దాని కోసం ప్రత్యేకంగా డిగ్రీ అక్కర్లేదు.