ప్రశ్నలు – జవాబులు: డబ్బా బండికి గాలి వాలు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల ఐసు పెట్టెలతో వారానికి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లే డబ్బా బండి ఉంది. డబ్బా, క్యాబిన్ కంటే 45 సెంటీమీటర్లు ఎత్తు. క్యాబిన్ మీద వాలుగా రేకు బిగిస్తే డీజిల్ కలిసొస్తుందా?

జవాబు: హైవే మీదైతే కొంత కలిసొస్తుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. చెరువు గట్ల మీద 30లో నడిచినంతసేపూ ఒరిగేదేమీ లేదు. తాడేపల్లిగూడెం దగ్గర హైవే ఎక్కి 70–80లో పోయేటప్పుడే ఫలితం.

రేకు వద్దు, దడదడలాడి వెల్డింగ్ దగ్గర చిట్లుతుంది. 20 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపుతో ఫ్రేము కట్టించి, 3 మిల్లీమీటర్ల ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) బిగించండి. షాపుల ముందు బోర్డులు కట్టేవాళ్ల దగ్గర ముక్కలు చవగ్గా దొరుకుతాయి. క్యాబిన్ టాపు మీద అడుగు పొడవు 80 సెంటీమీటర్లు పెట్టి, వెనక 45 లేపితే వాలు 30 డిగ్రీల లోపే ఉంటుంది. పక్కన నిలబడి చూస్తే ఆ వాలు గీత సూటిగా డబ్బా పై అంచుకు చేరాలి. తగ్గితే గాలి డబ్బా మొహానికే కొడుతుంది. డబ్బాను మించితే అడ్డు పెరుగుతుంది, ఆర్‌సీలోని ఎత్తూ మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోనిది అలాంటి మార్పులనే. కాబట్టి ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి.

పక్కలు త్రికోణపు ముక్కలతో మూసేయాలి. లేదంటే పక్కగాలి లోపల దూరి పైకి లేపుతుంది. ఫ్రేమును క్యాబిన్‌కే బిగించాలి, డబ్బాకు కలపకూడదు. గతుకుల్లో రెండూ వేర్వేరుగా ఊగుతాయి, కలిపితే బోల్టు చోటే చిరుగుతుంది. ఫ్రేముకూ డబ్బాకూ మధ్య 5 సెంటీమీటర్ల సందు ఉంచండి.

80లో గాలి తోపు చదరపు మీటరుకు సుమారు 30 కిలోలు. 20 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే 47. అందుకే పల్చటి టాపుకు ఊరికే స్క్రూలు కొట్టొద్దు. లోపలివైపు 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ, పైన రబ్బరు, సిలికాన్, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకు వదులు కానివి) పెట్టండి. ఒక ఉక్కు తీగ కూడా కట్టి ఉంచండి. ఊడినా వెనక మోటారుసైకిల్ మీద పడదు.

ఒక్క ట్రిప్పు మైలేజీ చూసి మురిసిపోవద్దు. అదే బంకు, అదే లోడు, అదే టైరు గాలితో, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు, ఈ గాలి వాలు (డిఫ్లెక్టర్)తో రెండు ట్రిప్పులు, లేకుండా రెండు ట్రిప్పులు లెక్క కట్టండి.

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరికాయలు దింపి పికప్ ఖాళీగా వస్తుంది. వెనక తలుపు తీసేస్తే మైలేజీ పెరుగుతుందా?

జవాబు: పెరగదు. తలుపు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ నిలబడుతుంది, పైగాలి దాని మీదుగా జారిపోతుంది. తీసేస్తే ఆ సుడి చెదురుతుంది. కావాలంటే తొట్టి మీద పట్టాను బిగుతుగా కట్టండి. టపటపా కొట్టుకునే పట్టా కంటే అసలు లేకపోవడమే నయం.

ప్రశ్న: మైలేజీ కోసం కారు ముందు జాలీకి అట్ట అడ్డం పెట్టొచ్చా?

జవాబు: అది చలిదేశాల చిట్కా. జాలీ వెనకే గాలి తగలాల్సిన ఏసీ కండెన్సర్, రేడియేటర్ ఉంటాయి. మన మే నెల ఎండలో అట్ట పెడితే ఏసీ చల్లబరచదు, ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎరుపులోకి పోతుంది.